బియ్యం బస్తా ఎన్నాళ్లొస్తోంది?

25 కిలోల బియ్యం బస్తా ఎన్నాళ్లొస్తోందని అడిగితే ఏ ఇల్లాలైనా తడుముకోకుండా చెప్పేస్తుంది. 'నెలకి రెండు రోజులు తక్కువ' అనో, 'చుట్టాలు రాకపోతే ముప్పై అయిదు రోజులు' అనో! బస్తా విప్పిన తేదీని కేలండరు మీద రాసిపెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. అదే ఇంట్లో నెలకి కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, సెనగలు అన్నీ కలిపి ఎన్ని కిలోలు ఖర్చవుతున్నాయని అడిగి చూడండి. కాసేపు ఆలోచించాల్సి వస్తుంది. కూరగాయలు ఎన్ని కిలోలంటే అసలు లెక్కే ఉండదు. 'ఏదో, పూటకి అరకిలో, ముప్పావు కిలో' అంటారు. మన పళ్లెంలో ఏది భోజనమో, ఏది నంజుకునేదో ఈ జవాబుల్లోనే తెలిసిపోతుంది.

నలుగురున్న ఇంట్లో బస్తా సరిగ్గా 30 రోజులు వచ్చిందనుకుందాం. అంటే మనిషికి రోజుకి 208 గ్రాముల బియ్యం. వండితే రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది కాబట్టి, అరకిలోకి పైనే అన్నం. ఇందులో ఇడ్లీల్లోకి పోసిన రవ్వ లేదు, ఉప్మా లేదు, రాత్రి చపాతీ లేదు, సాయంత్రం పిల్లలు తినే అటుకులూ బిస్కెట్లూ లేవు. అవన్నీ వేరే ఖాతా!

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో మన దేశస్థుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి వరి, గోధుమ, జొన్న, రాగి... ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలంటుంది ఆ పుస్తకం. ఇది వండకముందు తూకం. పప్పుదినుసులు 85 గ్రాములు ఉండాలి. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు, నువ్వుల్లాంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు.

ఈ అంకెల్ని ఇంటి సరుకుల చీటీలోకి మారిస్తే అసలు సంగతి బయటపడుతుంది. నలుగురూ పెద్దవాళ్లయితే 85 గ్రాముల చొప్పున నెలకి పప్పుదినుసులే 10 కిలోలు దాటాలి. కూరగాయలు రోజుకి కిలో 600 గ్రాములు. మాంసం, చేపలు, గుడ్లు తినేవాళ్లు పప్పుల్లో కొంత భాగాన్ని వాటితో పూరించుకోవచ్చు. అయినా సరే, నెలకి పది కిలోల పప్పులు కొనే ఇల్లు ఏ వీధిలో ఉంది? బియ్యం లెక్క మాత్రం ఇంచుమించు సరిపోతుంది. టిఫిన్లు కలిపితే మించిపోతుంది కూడా. కాబట్టి తెలుగు ఇంటి తిండిలో ఉన్న చిక్కు ఒక్క మాటలో చెప్పాలంటే... బస్తా పెద్దది, పప్పు డబ్బా చిన్నది.

కుడితి తొట్టికే సత్తువంతా!

ఈ పోషకాహార సంస్థ పుట్టుక వెనకా ఉన్నది బియ్యమే. తార్నాక మీదుగా రోజూ బస్సులో వెళ్లే చాలామందికి ఈ కథ తెలియదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు తమిళనాడు కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లోపల ఒకే ఒక్క గదిలో ఓ చిన్న పరిశోధన విభాగం ప్రారంభించాడు. దాని పేరు 'బెరిబెరి విచారణ విభాగం'. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

బెరిబెరి అంటే ఈ తరానికి తెలియదు. మొదట కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పిక్కలు పట్టేస్తాయి. మెట్లెక్కలేరు, కూర్చుంటే లేవలేరు. కొందరికి ఒళ్లంతా నీరు పట్టి, ఆయాసం వచ్చి, గుండె ఆగిపోయేది. అప్పటి మద్రాసు రాజధానిలో ఈ జబ్బు కొట్టొచ్చినట్టు కనిపించింది ఉత్తర సర్కారుల్లోనే. అంటే విశాఖపట్నం నుంచి గుంటూరు దాకా ఉన్న తెలుగు కోస్తా. వరి బాగా పండే చోటే ఈ జబ్బు! పక్కనే అరవదేశంలో కూడా వరి అన్నమే తింటారు కదా, వాళ్లకెందుకు రాలేదు? కూనూరు పరిశోధకులు కూడా ఈ ప్రశ్న దగ్గరే ఆగారు.

వాళ్లు తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెట్టి ఆ తర్వాత మర ఆడిస్తారు. ఆవిరి పట్టించినప్పుడు పైపొరలో ఉండే బి1 విటమిన్ గింజలోపలికి ఇంకుతుంది. తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంతైనా మిగులుతుంది. తెలుగు కోస్తావాళ్లకి ఉప్పుడు బియ్యం వాసన పడదు. పచ్చి బియ్యమే కావాలి. రోట్లో దంచుకున్నంత కాలం ఇబ్బంది లేకపోయింది. రోకలి పోటుకి ఊక పోతుందిగానీ తవుడు పొర చాలావరకు గింజకే అంటుకుని ఉంటుంది. మరలు వచ్చాక ఆ పొర కూడా ఊడిపోయింది. ఆ మర బియ్యాన్ని మూడుసార్లు కడిగి, ఎసట్లో పోసి, గంజి వార్చేసి తిన్న ఇళ్లకే బెరిబెరి వచ్చింది. (యాసంగి వడ్లతో ఉప్పుడు బియ్యం పట్టి ఇతర రాష్ట్రాలకి పంపించే తెలంగాణ, ఇప్పటికీ తాను మాత్రం ఆ అన్నం ముట్టదు. నాలుక అలవాటంటే అదీ!)

నిజానికి ఈ గుట్టు అంతకుముందే జావా దీవిలో కోళ్లు విప్పాయి. 1890ల్లో అక్కడి సైనిక ఆసుపత్రిలో పనిచేస్తున్న క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, తన ప్రయోగశాల కోళ్ల కాళ్లు ఉన్నట్టుండి పడిపోవడం, మళ్లీ ఉన్నట్టుండి బాగవడం చూశాడు. ఆరా తీస్తే తేలిందేమిటంటే... ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వేసినన్నాళ్లూ కోళ్లు పడిపోయాయి. కొత్తగా వచ్చిన వంటవాడు 'సైనికుల అన్నం కోళ్లకెందుకు?' అని ఆపేసి, ముడి బియ్యం వేయగానే లేచి తిరిగాయి! ఆ పరిశీలనకి 1929లో ఆయనకి నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల ముడి బియ్యంలో బి1 విటమిన్ 0.27 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 0.05. అంటే అయిదింట నాలుగు వంతులకి పైనే మరలో పోతోంది. తవుడు, కడుగు నీళ్లు, గంజి... మూడూ చేరేది ఎక్కడికి? కుడితి తొట్టిలోకి. ఇంటిల్లిపాదీ పిండి తిని, సత్తువంతా గేదెకి పెట్టారన్నమాట!

మిల్లు యజమానిని తిట్టి లాభం లేదు. తవుడులో నూనె ఉంటుంది. ఆ పొర ఉన్న బియ్యం నిలవ ఉంచితే ముక్క వాసనొస్తుంది, త్వరగా పురుగు పడుతుంది. పాలిష్ పట్టిన బియ్యం ఏడాదైనా ఉంటుంది. పైగా కొనేవాళ్లు అడిగేది కూడా అదే. మల్లెపువ్వులాంటి అన్నం, మెతుకుకి మెతుకు అంటకూడదు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి తెలుగువాళ్లకి అంత ప్రీతి కావడానికి కారణం ఆ సన్నదనమే. ముతక బియ్యం తినడమంటే ఈనాటికీ కాస్త నామోషీ.

కష్టం పోయింది... కుప్ప మిగిలింది

బెరిబెరి వెళ్లిపోయింది. బి1 మాత్రలు వచ్చాయి, పప్పూ పాలూ కాస్తో కూస్తో అందరికీ అందాయి. తెల్లన్నం మాత్రం వెళ్లలేదు. ఇంకా విస్తరించింది.

ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో జొన్న రొట్టె, సజ్జ రొట్టె, గటక. రాయలసీమలో రాగి సంగటి, కొర్రన్నం. వరి అన్నం పండక్కో పెళ్లికో! సాగర్ కాలువలు వచ్చాయి, బోర్లు వచ్చాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ రేషన్ బియ్యాన్ని వదల్లేదు. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో ఏకంగా సన్న బియ్యమే ఇస్తున్నారు. ఈ పథకాన్ని వెక్కిరించేవాళ్లకి ఆకలి తెలియదు. గంజి తాగి పడుకున్న ఇళ్లలో రెండు పూటలా పొయ్యి వెలిగించిన బియ్యం అది. తప్పల్లా ఎక్కడంటే, బియ్యం చవకైనంతగా పప్పు చవక కాలేదు. కడుపు నిండింది, పళ్లెం మాత్రం నిండలేదు.

పైగా, ఆ కుప్పన్నం తిన్న ముత్తాత పొద్దున్నే నాగలి పట్టేవాడు. ముత్తవ్వ నాట్లేసేది, నీళ్లు మోసేది, వడ్లు దంచేది. తిన్నది తిన్నట్టే కరిగిపోయేది. మనవడు బైకెక్కి ఆఫీసుకెళ్లి కుర్చీలో కూర్చుంటాడు. పొలంలో ఉన్నవాడికీ ట్రాక్టరూ కోత మిషనూ వచ్చాయి. కష్టం తగ్గింది, పళ్లెంలో కుప్ప మాత్రం అలాగే ఉంది.

అన్నంలోని పిండి పదార్థం పేగుల్లో చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. పాలిష్ పట్టిన గింజకి అడ్డుపొర లేదు కాబట్టి ఈ పని త్వరగా జరిగిపోతుంది. ఆ చక్కెరని కండరాల్లోకి పంపించడానికి క్లోమగ్రంథి ఇన్సులిన్ వదులుతుంది. కండరం పని చేస్తూ ఉంటే చక్కెరని గబగబా తీసుకుంటుంది. కదలకుండా కూర్చుంటే 'ఇప్పటికి చాలు' అంటుంది. మిగిలింది కాలేయంలో కొవ్వవుతుంది, పొట్ట చుట్టూ పేరుకుంటుంది. పూటపూటా ఇదే తంతు. క్లోమం ఏళ్ల తరబడి రెట్టింపు డ్యూటీ చేసి చేసి చివరికి అలిసిపోతుంది. దీనికి పదేళ్లు పట్టొచ్చు, పదిహేనేళ్లు పట్టొచ్చు. ఈలోగా మనిషికి ఏ బాధా ఉండదు. అదే ఇందులోని మోసం. నొప్పి పెట్టే జబ్బయితే ఎవరైనా జాగ్రత్తపడతారు.

బాధ తెలిసేసరికి చాలామందిలో అప్పటికే చిన్న నరాలు దెబ్బతిని ఉంటాయి. అరికాళ్లు తిమ్మిరి, మంటలు. చెప్పు జారిపోయినా తెలియదు. వందేళ్ల కింద సర్కారు జిల్లాల్లో బెరిబెరి రోగులు డాక్టరుతో మొట్టమొదట చెప్పుకున్నదీ కాళ్ల తిమ్మిరి గురించే! రెండూ ఒకే జబ్బు కాదు. అది విటమిన్ కరువు, ఇది చక్కెర మిగులు. ఒకటి నెలల్లో పడగొట్టేది, ఇంకొకటి ఏళ్ల తరబడి కళ్లనీ మూత్రపిండాలనీ గుండెనీ తొలిచేది. కానీ రెండింటికీ దారి వేసిన పళ్లెం ఒకటే. నిండా తెల్లన్నం, పక్కన కాస్తంత కూర.

21 దేశాల్లో 1,32,373 మందిని సగటున తొమ్మిదిన్నరేళ్లు పరిశీలించిన ఓ పెద్ద అధ్యయనం 2020లో వెలువడింది. చెన్నై మధుమేహ నిపుణులూ అందులో ఉన్నారు. రోజుకి 150 గ్రాముల కంటే తక్కువ తెల్లన్నం తినేవాళ్లతో పోలిస్తే, 450 గ్రాములూ అంతకు మించి తినేవాళ్లలో మధుమేహం వచ్చే అవకాశం మొత్తమ్మీద 20 శాతం ఎక్కువగా కనిపించింది. దక్షిణాసియాని విడిగా చూస్తే అది 61 శాతం! 450 గ్రాములంటే వండిన అన్నం తూకం అని మరచిపోవద్దు. మన బస్తా లెక్కలో మనిషి వాటా అప్పుడే అరకిలో దాటింది.

ఇక దేశం లెక్క. భారత వైద్య పరిశోధన మండలి తరఫున అన్ని రాష్ట్రాల్లో జరిపిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఈ రెండో అంకెలో ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. తిండి మార్చుకుంటే వెనక్కి తిరిగి రాగలిగేదీ వాళ్లే.

అయితే అన్నం విషమా? మైకు దొరికితే చాలు, అలా ఉపన్యాసాలు దంచేవాళ్లకి ఈమధ్య కొదవలేదు. విషమైతే వెయ్యేళ్లుగా తింటున్న జాతి మిగిలేది కాదు. వంశపారంపర్యం ఉంది, పొట్ట ఉంది, నడక లేకపోవడం ఉంది, నిద్రలేమి ఉంది. గోధుమ తినే పంజాబులోనూ మధుమేహం తక్కువేమీ కాదు. అసలు ఇక్కడే మన వాళ్లు ఓ చమత్కారం చేస్తారు. 'రాత్రిళ్లు అన్నం మానేశామండీ' అంటారు. ఏం తింటున్నారంటే అయిదు చపాతీలు, బంగాళదుంప కూర! శనివారం ఉపవాసమైతే 'ఫలహారం' అంటూ ఆరు ఇడ్లీలో, పళ్లేనికి సరిపడా ఉప్మానో! ఇడ్లీ రవ్వ ఏ చెట్టుకి కాసింది? అన్నమే వేషం మార్చుకుని మళ్లీ వచ్చింది.

ఈ చమత్కారానికి 2025లో గట్టి జవాబే వచ్చింది. పైన చెప్పిన సర్వే బృందమే దేశస్థుల తిండిని లెక్కగట్టింది. మనం తినే కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం తెల్లన్నం, పిండి పట్టిన ధాన్యాలు, చక్కెర. మొత్తం పిండి పదార్థం తగ్గించకుండా వరికి బదులు గోధుమ పిండికో, చిరుధాన్యాల పిండికో మారితే మధుమేహం ముప్పులో తేడా కనిపించలేదు. కేలరీల్లో 5 శాతాన్ని పిండి పదార్థం నుంచి తప్పించి పప్పుదినుసుల మాంసకృత్తులకో, పాలూ పెరుగు మాంసకృత్తులకో ఇస్తే మాత్రం ముప్పు తగ్గినట్టు తేలింది.

5 శాతమే కదా అనిపిస్తుంది. 2000 కేలరీల్లో అది 100 కేలరీలు. అవి మాంసకృత్తుల నుంచే రావాలంటే 25 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 100 గ్రాముల కందిపప్పులో ఉండేది 22 గ్రాముల లోపే. ఓ గుడ్డులో 6 గ్రాములు. చారెడు పప్పు గిన్నెడు నీళ్లలో తేలే పప్పుచారుతో ఈ లెక్క తేలదు. కొర్రలు, అరికెలు తినడం మంచిదే, పీచు వస్తుంది. కానీ మూడింతల ధర పెట్టి కొర్రలు తెచ్చి, ఆ కొర్రన్నాన్నీ కుప్పగా పోసుకుని, పైన అదే చెంచాడు కూర వేసుకుంటే బస్తా పేరు మారిందంతే.

పప్పులోకి, కూరలోకి, చారులోకి, పెరుగులోకి

తెలుగు భోజనంలో అన్నం ఒక పదార్థం కాదు. మిగతావన్నీ దానిలోకే! పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి తప్పనిసరిగా కొంత. నాలుగు ఆధరువులుంటే నాలుగుసార్లు అన్నం. పండగనాడు ఆరు ఆధరువులు! 'వట్టి కూర తినకురా, అన్నంలో కలుపుకో' అని పిల్లల్ని గదమాయిస్తారు. కూర ఆదా అవుతుందన్నది ఆ మాటలోని అసలు రహస్యం. చప్పటి అన్నం అంత తినాలంటే ఉప్పూ కారమూ పులుపూ కావాలి. అందుకే ఆవకాయ, గోంగూర, కందిపొడి, ఊరమిరపకాయ, అప్పడం. అన్నం కుప్పతోబాటే ఉప్పూ లోపలికి పోతుంది. అదే 2023 సర్వే దేశంలో 31 కోట్ల 50 లక్షల మందికి రక్తపోటు ఉందని కూడా చెప్పింది. రోజుకి ఉప్పు 5 గ్రాములు మించకూడదు. ఊరగాయ జాడీ పక్కన పెట్టుకుని కూర్చుంటే అది మధ్యాహ్నానికే అయిపోతుంది.

మర్యాద సంగతి ఇంకోటి. 'పిట్టలా తింటున్నారేంటి అన్నయ్యగారూ, ఇంకొక్క గరిటె' అంటూ ఆ ఇల్లాలు వడ్డిస్తుంది. ఆ గరిటెలో ఉండేది ఎప్పుడూ అన్నమే. 'ఇంకాస్త బెండకాయ కూర వేసుకోండి' అని బతిమాలే ఇల్లు అరుదు.

ఆ ఇల్లాలి పళ్లెం వైపు కూడా ఓసారి చూడాలి. అందరూ తిన్నాక ఆమె కూర్చునేసరికి కూర గిన్నెలో మిగిలింది పోపు గింజలు. పప్పు అడుగంటింది. అన్నం మాత్రం ఉంది, పారేయడానికి మనసొప్పదు. ఆవకాయ ముక్కా, మజ్జిగా వేసుకుని ఆ అన్నం మొత్తం ముగిస్తుంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ అన్నం, అందరికంటే తక్కువ పప్పు తినే మనిషి ఆమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఒళ్లు చూస్తే నిండుగా ఉంటుంది, రక్తం చూస్తే ఉండదు. ఈ రెండూ ఒకే పళ్లెం నుంచి వచ్చాయి. ఆమెకి గర్భిణిగా ఉన్నప్పుడు మధుమేహం వస్తే, ఆ ముప్పు పుట్టే బిడ్డకీ సంక్రమిస్తుంది. కాబట్టి ఇంట్లో తిండి మార్చాలనుకునేవాళ్లు కొర్రల దుకాణం వెతికే ముందు, అందరూ ఒకేసారి కూర్చుని తినే ఏర్పాటు చేసుకుంటే ఖర్చు లేని పని.

మార్చాల్సింది ఏమిటంటే, కొలత. వండేటప్పుడే మనిషికి ఓ గుప్పెడు బియ్యం తగ్గించి, ఆ గుప్పెడూ పప్పులో పోస్తే చాలా మటుకు పని అయిపోతుంది. కందిపప్పు ధర భయపెడితే సెనగలు, పెసలు, బొబ్బర్లు, ఉలవలు ఉన్నాయి. ఉలవచారంటే చప్పరించే ఇళ్లలో ఉడికిన ఉలవలు తినేది పశువులే! మళ్లీ కుడితి కథే. టిఫిన్లలో పెసరట్టుకి సాటి లేదు. మొత్తం పెసలే. ఇడ్లీకి గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల రవ్వ పోసేవాళ్లు ఒకటిన్నరతో సరిపెట్టి చూడొచ్చు. పిల్లల డబ్బాలో పులిహోర, బంగాళదుంప వేపుడు పెట్టే రోజుల్లో పక్కన ఓ చిన్న గిన్నెలో గుగ్గిళ్లో ఉడికించిన గుడ్డో పెడితే ఆ డబ్బా రూపే మారుతుంది. భోజనంలో ముందు కప్పుడు కూర వట్టిదే తిని, తర్వాత అన్నం కలుపుకుంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగదన్నదు. తిన్నాక పావుగంట నడిస్తే ఇంకా మంచిది.

అన్నం తగ్గించాక ఏ బియ్యమన్నది రెండో ప్రశ్న. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోనా రకం చక్కెరని నెమ్మదిగా వదులుతుందని పేరు తెచ్చుకుంది. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుంది. మంచిదే. 'షుగర్ ఫ్రీ రైస్' అనే బోర్డు చూసి రెండింతలు తింటే మాత్రం ఆ లాభం కాస్తా హరించుకుపోతుంది. దంపుడు బియ్యం మొదలుపెట్టేవాళ్లు ఇంటిల్లిపాదికీ ఒక్కసారిగా పెట్టి తిరుగుబాటు తెచ్చుకోవద్దు. మామూలు బియ్యంలో పావు వంతు కలిపి మొదలుపెట్టి, నెల తర్వాత సగం చేయొచ్చు. అరగంటకి తక్కువ కాకుండా నానబెట్టాలి, ఎసరు కాస్త ఎక్కువ పెట్టాలి, గంజి వార్చకుండా అత్తెసరుగా వండాలి. బస్తాలు కొనొద్దు, అయిదేసి కిలోలు తెచ్చుకుని నెలలోగా వాడేయాలి. బాగా నమలాలి కాబట్టి పళ్లు లేని పెద్దవాళ్లకి మెత్తగా ఉడికించి పెట్టడమో, వాళ్ల వరకు పాత బియ్యమే వండడమో చేయాలి. ఎనభై ఏళ్ల తాతగారి నోటి దగ్గర అన్నం లాక్కోవడం వైద్యం అనిపించుకోదు.

30 ఏళ్లు దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చక్కెర, రక్తపోటు పరీక్షలు ఉచితంగానే చేస్తున్నారు. పరగడుపున చక్కెర 100 లోపు ఉంటే సరే. 100 నుంచి 125 అయితే గుమ్మంలో ఉన్నట్టు. 126 గానీ అంతకు మించిగానీ ఉంటే డాక్టరు మరోసారి పరీక్షించి మధుమేహమని నిర్ధారిస్తారు. ఇప్పటికే మాత్రలో ఇన్సులినో తీసుకుంటున్నవాళ్లు డాక్టరుకి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించకూడదు. మందు పాత అన్నానికి తగ్గట్టు ఉంటుంది కాబట్టి చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు పప్పు పెంచే ముందు కూడా అడిగి తీరాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో నెలకి ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని కిలోల పప్పు అవుతోందో చీటీ మీద రాసుకుని వెళ్తే డాక్టరుకి సగం ప్రశ్నలు తగ్గుతాయి.